మన మొహల్లాకు ఆటస్థలం ఎందుకు రాదు?

2022 మార్చి 8వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వనపర్తిలో 'మన ఊరు - మన బడి' కార్యక్రమాన్ని ప్రారంభించారు. రాష్ట్రంలోని 26,065 ప్రభుత్వ పాఠశాలలను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయాలన్నది ఆనాటి ప్రణాళిక. అందుకోసం పన్నెండు అంశాలను ఎంపిక చేశారు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, బల్లలు, గోడలకు రంగులు, వంటశాల, ప్రహరీ గోడ, అదనపు గదులు వగైరా ఆ జాబితాలో ఉన్నాయి. అన్నీ అవసరమైనవే, కాదనేవారు లేరు. అయితే ఆ పన్నెండింటిలో ఆటస్థలం ఒక అంశంగా లేదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో స్పష్టంగా రాసి ఉంది. మరి చట్టంలో ఉన్న మాట పథకంలోకి ఎందుకు రాలేదు? నీళ్లు లేవని, గోడ కూలిందని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటారు, అర్జీలు ఇస్తారు. పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదని అర్జీ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కిన తండ్రి మాత్రం ఎక్కడో గాని కనిపించడు. మా అభిప్రాయంలో అసలు లోపం ఇక్కడే ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి, గజం ధర పెరిగింది. ధర పెరిగిన చోట ఖాళీ జాగా మిగలడం కష్టం. నిన్నటి దాకా పిల్లలు గోలీలు, గిల్లీదండా ఆడిన మూలల్లో నేడు షట్టర్లు లేచాయి. పాత బస్తీల ఇళ్లు ముందే ఇరుకు. గద్వాలలో చీరలు నేసే కుటుంబాల సంగతే తీసుకోండి. ఇంట్లో ఉన్న పెద్ద గదిని మగ్గమే ఆక్రమించుకుంటుంది, పిల్లలకు మిగిలేది వీధి. ఆ వీధిలో ఇప్పుడు ఆటోలు, మోటారు సైకిళ్లు. అస్ర్ నమాజు ముగించుకుని బయటికి వస్తే, ఆడుకోవలసిన వయసు పిల్లలు మెట్ల మీద వరుసగా కూర్చుని సెల్‌ఫోన్లలో తలలు దూర్చి కనిపిస్తారు. వారిని మందలించే పెద్దలు చాలామంది ఉన్నారు. 'లేచి అక్కడికెళ్లి ఆడుకోండి' అని చెప్పడానికి ఆ 'అక్కడ' ఎక్కడుందో చూపించగలిగేవారు తక్కువ.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని అనుకోవడం పొరపాటు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా ఆ చట్టం అంటుంది. (మొక్కలకు ఇంత గట్టి లెక్క పెట్టినవారు ఊయలకు, జారుడుబల్లకు ఏ లెక్కా పెట్టలేదు.) 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి వచ్చింది, దానితోపాటు ప్రకృతి వనాలు వచ్చాయి. 2022లో గ్రామగ్రామాన, వార్డువార్డునా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు, లాంగ్‌జంప్ గుంట, వ్యాయామానికి ఇనుప కడ్డీలు, ముందు ఒక ఆర్చీ. పల్లెల్లో ఈ పనులకు ఉపాధి హామీ నిధులు వాడారు.

ఆ తర్వాత ఏమైందో పాఠకులకు తెలిసిందే. చాలాచోట్ల ఆర్చీ ఉంది, వెనుక ముళ్లకంప ఉంది. స్థలం దొరకక ఊరికి దూరంగా గుట్ట పక్కనో, శ్మశానం పక్కనో ప్రాంగణం పెట్టారని, ఆడేవారు లేక గడ్డి మొలిచిందని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. కారణం కష్టమైనదేమీ కాదు. ఆస్తిని నిర్మించడానికి ఇచ్చే డబ్బు వేరు, దాన్ని ఏటా నడపడానికి కావలసిన డబ్బు వేరు. మొదటిది మూలధన వ్యయం. దానికి టెండరు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోది కాపలాదారు జీతం, నీళ్ల ట్యాంకరు, విరిగిన గొలుసు, కాలిన బల్బు. దానికి శిలాఫలకం వేయించుకోవాలని ఎవరికీ ఉండదు. తరచుగా బడ్జెట్‌లో దానికి ఒక వరుస కూడా ఉండదు. మేము ఒక పట్టణంలో చూసిన పార్కులో జారుడుబల్ల కొత్తదే, గేటుకు తాళం పాతది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎదురింటివారికి కూడా తెలియదు.

పెద్ద పనులు జరగలేదని మేము అనడం లేదు. నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం, వనపర్తిలో నల్లచెరువు మినీ ట్యాంక్‌బండ్లుగా మారాయి. మహబూబ్‌నగర్ పక్కన అప్పన్నపల్లి వద్ద రెండు వేల ఎకరాలకు మించిన అర్బన్ ఎకో పార్కు ఉంది. పండుగ మరునాడు కుటుంబంతో వెళ్లి రావడానికి అవి బాగుంటాయి. కాని చెరువు కట్ట మీద నడక పెద్దలకు తగినది. నాలుగేళ్ల పిల్లవాడిని నీటి ఒడ్డున ఒంటరిగా వదిలి ఏ తల్లీ వంట చేసుకోలేదు. పసివాళ్లకు కావలసింది తల్లి పిలుపు వినిపించేంత దూరంలో నాలుగైదు గుంటల జాగా. పెద్ద పార్కుకు కోట్లు మంజూరు చేయించడం నాయకులకు ఇష్టం. ఇలాంటి చిన్న జాగాలు పదింటికి అంత కన్నా తక్కువ ఖర్చు. అయినా ఆ ఫైలు కదలదు, ఎందుకంటే దాన్ని కదిపించే మనిషి లేడు.

ఈ చిన్న జాగాల సంగతి ఒక ఊరు చేసి చూపించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 1947 నుంచి 1978 వరకు ఏడు వందలకు పైగా చిన్న చిన్న ఆటస్థలాలు వెలిశాయి. ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి వాటికి రూపమిచ్చాడు. ఖర్చుతో కూడిన బొమ్మలేమీ లేవు. ఒక ఇసుక గుంట, ఎగబాకడానికి వంచిన ఇనుప కడ్డీలు, ఎగిరి దూకడానికి రాళ్లు, కూర్చోవడానికి బల్ల, నీడకు చెట్టు. రెండు ఇళ్ల మధ్య పడావుగా ఉన్న జాగాలను వాడుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, 'మా వీధిలో ఫలానా జాగా ఖాళీగా ఉంది, మాకూ ఒకటి కావాలి' అని వీధివాసులే మున్సిపాలిటీకి ఉత్తరాలు రాసేవారు. ఉత్తరం వచ్చిన చోటికి పని వచ్చేది.

మన దగ్గర ఖాళీ జాగా అసలు లేదా? చట్టం ప్రకారం లేఅవుట్ వేసినవారు పది శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. ఆ స్థలం కొన్నిచోట్ల కాగితం మీద ఉంటుంది, నేల మీద మరొకరి ఇల్లు ఉంటుంది. ఇక అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్న మనవాళ్లు ఎంతమందో. 2020లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల ప్రకారం, పది శాతం ఖాళీ స్థలం లేని చోట ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేస్తారు. అంటే పార్కు వదలకుండా ప్లాట్లమ్మిన వ్యాపారి లాభం తీసుకుని వెళ్లిపోయాడు, లేని పార్కుకు సొమ్ము మాత్రం కొన్నవాడు కట్టాడు. అలా కట్టిన కుటుంబాలు, మా కాలనీ పేరు మీద ఎంత వసూలైంది, ఏ పనికి ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. ఈ ప్రశ్న వేయడానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.

పార్కుకు వదిలిన జాగాను ఇంకో పనికి వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు ఎన్నడో తప్పుపట్టింది. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే 1991లో చెల్లదని తీర్పునిచ్చింది. లక్నోలోని అమీనాబాద్ మనలో చాలామందికి పేరుతోనైనా తెలుసు. అక్కడి ఝండేవాలా పార్కు కింద భూగర్భ దుకాణ సముదాయం కడుతుంటే, దాన్ని తొలగించి పార్కును మళ్లీ పార్కుగా నిలబెట్టాలని 1999లో ఆదేశించింది. పార్కు స్థలంలో ఆసుపత్రి వంటి మంచి పని చేస్తామన్నా ధర్మాసనం ఒప్పుకోలేదన్నది గమనార్హం. మనం కూడా ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పార్కుకు వదిలిన జాగాలో మతం పేరున ఏ కట్టడం లేచినా, అది మనవారిదైనా ఇతరులదైనా, పిల్లల అమానత్‌లో ఖయానత్ చేసినట్లే.

ఆటను మనలో కొందరు కాలక్షేపంగా, దీన్‌కు దూరమైన సంగతిగా చూస్తారు. వారికి రెండు హదీసులు గుర్తుచేయడం చాలు. పండుగనాడు హబషీలు మస్జిదె నబవీలోనే ఈటెలతో ఆడుతుంటే దైవప్రవక్త (స) వారించలేదు, హజ్రత్ ఆయిషా (రజి) తన భుజం వెనుక నిలబడి తనివితీరా చూసేవరకు ఓపికగా నిలబడ్డారని బుఖారీలో ఉంది. మరో సందర్భంలో ఆమెతో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ల తర్వాత ఆయన గెలిచారు. మరి మన ఆడపిల్లలు పదేళ్లు దాటాక ఎక్కడ పరుగెత్తుతారు? ఉన్న ఒకటి రెండు మైదానాలను క్రికెట్ ఆడే కుర్రాళ్లు ఆక్రమించుకుంటారు. పార్కుల్లో బెంచీలు ఉంటాయి, మరుగుదొడ్డి ఉండదు, దీపం వెలగదు. మగ్రిబ్ వేళకు ఏ కుటుంబమూ ఆడవారిని అక్కడ కూర్చోనివ్వదు. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. రోజూ నడవమని డాక్టరు చెబుతాడు. మన ఇళ్లలోని అమ్మలు, నానీలు ఆ చీటీ పట్టుకుని ఇంటి డాబా మీదే పచార్లు చేస్తారు, లేదా అదీ మానేస్తారు.

మన సంస్థల సంగతీ చెప్పుకోవాలి. మద్రసాలకు చందాలు పోగుచేసి అంతస్తు మీద అంతస్తు లేపాం. హిఫ్జ్ చేసే పిల్లవాడు ఫజ్ర్ నుంచి ఇషా దాకా కూర్చునే ఉంటాడు. అతనికి రోజుకు ఒక గంట కాళ్లాడించే జాగా కోసం ఎంతమంది ముతవల్లీలు ఆలోచించారు? పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఏడాదిలో రెండుసార్లు నిండే ఈద్గా మైదానం మిగతా రోజుల్లో ఎలా ఉంటుందో కూడా చూస్తున్నాం. దాని వక్ఫ్ స్వరూపం, అదబ్ చెడకుండా చుట్టూ చెట్లు పెంచి నీడ చేయడానికి అభ్యంతరం ఉండకూడదనే మేము భావిస్తున్నాం. వక్ఫ్ జాగా వాడకం గురించి ఉలమాతో మాట్లాడి ఆయా కమిటీలు నిర్ణయించుకోవాలి.

ఇక అడగవలసిన చోట్లు. మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది ఉండాలంటోంది. అందులో సగం స్త్రీలు. మీ వార్డు కమిటీల్లో ఎవరెవరున్నారో మున్సిపల్ ఆఫీసులో అడిగి పేర్లు రాసుకోండి. మన బస్తీల నుంచి చదువుకున్న ఆడపడుచులు వాటిలో ఉండాలి. కేంద్రం వైపున ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం ఉంది. 2022 మార్గదర్శకాలతో దాన్ని అన్ని జిల్లాలకూ వర్తింపజేశారు. చుట్టుపక్కల అల్పసంఖ్యాకులు 25 శాతానికి మించి ఉన్న ప్రాంతాలకు ఉద్దేశించిన పథకం అది. క్రీడా సదుపాయాలు కూడా అందులో ఒక అంశం. కట్టినది అందరిదీ, మన పిల్లలతోపాటు పక్క వీధి పిల్లలందరూ ఆడుకుంటారు. ప్రతిపాదన మాత్రం జిల్లా నుంచే పైకి పోవాలి. జిల్లా అధికారులకు కావలసింది సర్వే నంబరుతో సహా వివాదం లేని స్థలం. మనవారు సాధారణంగా పట్టుకెళ్లేది 'పార్కు కావాలి' అన్న ఒక్క వాక్యం.

అర్జీలో ఏమి రాయాలన్నది చాలా ముఖ్యం. స్థలం ఎవరి పేరున ఉంది, హద్దులు ఏమిటి, ఎన్ని ఇళ్ల పిల్లలు నడిచి రాగలరు అన్నవి ముందు రాయండి. సిమెంటు, టైల్సు తగ్గించమని, పాలమూరు ఎండలకు నిలిచే వేప, కానుగ చెట్లు పెట్టమని అడగండి. మే నెలలో ఇనుప జారుడుబల్ల మీద పిల్లవాడు కూర్చోలేడు, నీడ లేని ఆటస్థలం నాలుగు నెలలు మూతపడ్డట్టే. ఆడవారికి కొన్ని గంటలు ప్రత్యేకించాలని, మరుగుదొడ్డి, దీపాలు అంచనాలోనే ఉండాలని కోరండి. పని పూర్తయ్యాక లోపాలు సరిచేయవలసిన గడువు ఒకటి కాంట్రాక్టరు ఒప్పందంలో ఉంటుంది, అప్పటిదాకా అతని డిపాజిట్ సొమ్ము ఆఫీసు దగ్గరే ఉంటుంది. ఆ తేదీ తెలుసుకుని, విరిగినవి దానికి ముందే రాతపూర్వకంగా తెలపాలి. అన్నిటికీ మించి, నిర్వహణకు ఏటా ఎంత, ఏ పద్దు కింద, గేటు తెరిచేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు శంకుస్థాపనకు ముందే జవాబు రాబట్టాలి.

2020 జనవరిలో ఎన్నికైన పాలకమండళ్ల గడువు 2025 జనవరితో ముగిసింది. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా బడ్జెట్ మాత్రం ఆగదు. ఏప్రిల్ నుంచి అమలయ్యే బడ్జెట్‌కు ముసాయిదా చలికాలంలోనే తయారవుతుంది. జుమా నమాజు తర్వాత పదిమంది కూర్చుని అర్జీ రాసుకోవాలంటే డిసెంబరు దాటనివ్వకూడదు. మార్చిలో వెళ్తే, వచ్చే సంవత్సరం చూద్దామంటారు.