క్రొత్త ఇంజనుకు కాడి యలవాటు

సిమెంటు కాల్చు తిరుగు బట్టీలో లోపలి ఇటుకలు మార్చినపుడు దానిని ఒక్కపెట్టున పూర్తి వేడికి తేరు. గంటల తరబడి మెల్లగా వేడి పెంచుచు, నడుమ నడుమ కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఇటుక ఇటుకకు ఒత్తుకొని కుదురుకొను వరకు ఓర్చుకొందురు. కరణ్‌కోట కార్ఖానా పొగగొట్టమును చూచుచు పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి క్రొత్త కాదు. అయినను అన్యదేశములలో ఇండ్లయందే విమానములు కట్టుకొనువారు క్రొత్త రోటరీ ఇంజనును ఎగురకుండ నేలమీదనే గంటలకొలది త్రిప్పుదురని చెప్పగా, "పెట్రోలు దండుగ కాదా?" అని యొక విద్యార్థి అడిగెను. దండుగ కాదని నా యభిప్రాయము. ఏలయో విన్నవించెదను.

రోటరీ యను పేరు రెండు వేర్వేరు ఇంజనులకు కలదు. 1909 సంవత్సరమున ఫ్రాన్సు దేశములో సెగ్విన్ సోదరులు చేసిన నోమ్ ఇంజనులో నడిమి ఇరుసు కదలక నిలుచును. ఏడు సిలిండర్లును పంకాతో కూడ గిరగిర తిరుగును. వాని గోడల మందము మిల్లీమీటరున్నర మాత్రమే. ఆ ఇంజనుకు వాడిన నూనె ఏదనుకొన్నారు? మన ఆముదమే! ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు గనుక కడుక్కొని పోక లోహమును అంటిపెట్టుకొని యుండును. వాడిన నూనె బయటికే చిమ్ముచుండుటచే, విమానము నడుపువారు ఆ తుంపురులను పీల్చి కడుపు కదలి బాధపడిరట. మన యవ్వలకు తెలిసిన గుణమే గదా.

రెండవది జర్మనీ దేశస్థుడగు ఫెలిక్స్ వాంకెల్ కనిపెట్టినది. 1957 ఫిబ్రవరిలో మొదటి నమూనా తిరిగెను. ఇందులో పిస్టనులు లేవు, వాల్వులు లేవు. మూడు మూలలు గల రోటరు ఒక గూటిలో తిరుగును; అది ఒకసారి తిరుగునంతలో ఇరుసు మూడుసార్లు తిరుగును. ప్రతి మూల కొనయందును సన్నని సీలు గోడను రాచుకొనుచు పోవును. ప్రాణమంతయు అచ్చటనే యున్నది. జపాను దేశపు మజ్దా కంపెనీలో యామమోటో కెనిచి యను ఇంజనీరును ఆయన బృందమును ఈ సీళ్లతో ఎంతయో పోరాడిరి. సీలు అదరుచు రాయుటచే గూటి గోడమీద గీతలు పడుచుండెను. వానిని వారు దయ్యపు గోళ్ల గీతలనిరి. బొగ్గుపొడియు అల్యూమినియమును కలిపిన సీలు కుదిరిన పిమ్మటనే 1967లో ఆ యింజనుతో కారు అమ్మకమునకు వచ్చెను. నేడు ఇంటి విమానములు కట్టువారిలో కొందరు పాత మజ్దా కార్ల ఇంజనులనే తెచ్చి వాడుకొనుచున్నారు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. తాండూరు నాపరాయిని కోసిన వెంటనే చేతితో తాకిన నునుపుగానే తోచును. కాని నునుపు పట్టువానికి దానిలోని మిట్టపల్లములు తెలియును. మిక్కిలి గట్టిగా అదిమిన రాయి గీతలు పడును, మిక్కిలి తేలికగా పట్టిన ఊరక జారును. క్రొత్త ఇంజనులోని లోహములకును ఇదే న్యాయము. మనవారు సాధారణముగా మొదటి తప్పుకే భయపడి రెండవదానిలో పడుచుందురు. మా యింటనే ఇట్లు జరిగినది. క్రొత్తగా కొన్న ఆయిలింజనును "పాపము, పసిది" యని బరువు పెట్టక దినములకొలది వట్టిగా త్రిప్పితిమి. రింగులను గోడకు అదుము ఒత్తిడి చాలక, నూనె గోడమీద మాడి అద్దమువలె పేరుకొనెను. ఆ ఇంజను ఉన్నంత కాలము నూనె త్రాగుచు పొగ కక్కుచునే యుండెను. గాలిచే చల్లబడు పిస్టను విమాన ఇంజనులను చేయు లైకమింగ్ కంపెనీవారు, క్రొత్త ఇంజనును నూటికి 65 మొదలు 75 వంతుల బలముతో నడుపుమనియు, నూనె ఖర్చు నిలకడకు వచ్చువరకు శుద్ధ ఖనిజతైలమే వాడుమనియు చెప్పుటకు హేతు విదియే. కోడెను కొట్టములో కట్టివేసి యుంచినచో కాడి అలవాటగునా?

వాంకెల్ ఇంజనుకు మాత్రము మరికొంత ఓర్పు కావలెను. మొదట తక్కువ బరువుతో ప్రారంభించి, వేగమును ఒకేరీతిగా ఉంచక మార్చుచు, క్రమముగా బరువు పెంచుట దానిని కట్టువారి వాడుక. కొనల సీళ్లకు నూనె మంట గదిలోనికే చేరవలెను గనుక పలువురు పెట్రోలులోనే కొంత నూనె కలుపుదురు. నేలమీద గాలి చాలదు. నీరు కాగిపోయిన యెడల ఇనుప పలకలకును అల్యూమినియము గూటికిని నడుమనున్న నీటిసీళ్లు చెడును. కావున వేడి చూపు ముల్లుమీదనుండి కన్ను తీయరాదు. పిమ్మట నూనె ఫిల్టరును కోసి, లోహపు రజను ఉన్నదేమో వెదకవలెను.

నేలమీద విరిగినది నేలమీదనే బాగుపడును. రైటు సోదరుల కొరకు చార్లెస్ టేలరు సుమారు ఆరు వారములలో చేసిన ఇంజను, 1903 ఫిబ్రవరిలో పరీక్షింపగా, బేరింగులు పట్టివేసి పగిలిపోయెను. క్రొత్త పోత వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను. ఎవనికిని గాయము కాలేదు. డిసెంబరు 17వ తేదీన వారు ఎగిరిరి.

అమెరికా దేశపు నిబంధనలలో సాధారణపు వాడుక ప్రకారము, ప్రమాణపత్రము గల ఇంజనును పంకాయును జతగా గల ఇంటి విమానమునకు 25 గంటలును, కారు ఇంజను వంటివి పెట్టినదానికి 40 గంటలును పరీక్షగా ఎగురవలెను. ఆ కాలమున ప్రయాణికులను ఎక్కించుకొనరాదు. ఈ గంటలను వ్రాయు పుస్తకమును గూర్చియే నాకు విచారము. ట్రాక్టరు క్రొత్తగా కొన్న యింట మొదటి సర్వీసుకు ముందు గంటల లెక్క ఎట్లు వ్రాయుదురో తండ్రులకు తెలియును. తిరుగని గంట తిరిగినట్లు వ్రాసినచో చేనిలో ట్రాక్టరు నిలిచిపోవును; దిగి నడచి రావచ్చును. 2016లో ముంబయి ప్రదర్శనలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి మిద్దెమీద కట్టిన విమానమును జనులు చూచిరి. ఇట్టి కోరిక మన పిల్లలలో ఎవనికైనను కలుగవచ్చును. కలిగినచో, తండ్రి పెట్రోలుకు వెనుదీయక డబ్బు ఇయ్యవలెను. కుమారుడు తమ్ముడెంత యేడ్చినను ప్రక్క పీటమీద కూర్చుండబెట్టుకొనక ఆ 40 గంటలును నిజముగా ఎగిరి వ్రాయవలెను.