ఎండిన ఏరు, ఇనుప వంతెన

అనంతపురం: ఏడాదిలో అధిక భాగం ఇసుక తప్ప నీరు కనిపించని పెన్నా, చిత్రావతి నదులపై అంత పొడవైన రైలు వంతెనలెందుకన్న సందేహం కొత్త ప్రయాణికులకు కలగడం సహజం. వాటిని నిర్మించినవారు కరవు సీమలోని వరదను తక్కువగా అంచనా వేయలేదు.

మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో బళ్లారి నుంచి విడివడింది. 1876-78 నాటి మహాక్షామంలో ధాన్యం చేరవేతకు రైలే ఆధారమైంది. క్షామ నివారణకు రైలు మార్గాలను విస్తరించాలని 1880లో క్షామ కమిషన్ సూచించింది. 1890 దశకంలో ధర్మవరం, హిందూపురాలకు రైలు రావడం ఆ తర్వాతి పరిణామమే.

తొలి తరం వంతెనలకు చేత ఇనుప దూలాలు వాడేవారు. ఉక్కు చౌకయ్యాక అదే ప్రమాణమైంది. 1900లో ప్రారంభమైన రాజమండ్రి హేవలాక్ వంతెన ఉక్కుదే. అయితే వంతెనలు కూలింది దూలాలు విరిగి కాదు, ఎక్కువగా పునాదుల కింద ఇసుక కోసుకుపోయి. పెద్ద నదులకన్నా చిన్న వాగులే ప్రాణాంతకమయ్యాయి. 1902 సెప్టెంబరులో పొరుగున కడప జిల్లా మంగపట్నం వద్ద వరదకు వంతెన కొట్టుకుపోగా మెయిలు రైలు కూలి పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించారు. శతాబ్దం గడిచాక, 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ వద్ద అదే విషాదం పునరావృతమైంది. వంద మందికి పైగా బలయ్యారు.

లోపం ఇనుములో కన్నా ఎగువనున్న చెరువు కట్టల్లోనే ఎక్కువ. రాయలసీమ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే కిందివీ నిలవవు. రైలు మార్గానికి ముప్పు తేగల చెరువుల జాబితా రైల్వే వద్ద ఉంటుంది. కట్టలు మాత్రం నీటిపారుదల శాఖవో, పంచాయతీలవో. తనిఖీ ఒకరిది, మరమ్మతు మరొకరిది. ప్రమాదం జరిగితే తప్ప ఇద్దరూ ఒకచోట కూర్చోరు.

పైగా 2012 నుంచి హంద్రీ-నీవా జలాలు జిల్లాకు చేరుతున్నాయి. రైతుకు ఇది వరమే. కానీ ఒకప్పుడు వట్టిపోయి తొలి వరదను మింగేసిన చెరువు, కాలువ నీటితో ముందే నిండి ఉంటే ఆ వరదంతా మరవ దాటి దిగువకే పోతుంది. 2021 నవంబరులో చిత్రావతి ఉప్పొంగి, చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో రక్షించవలసి వచ్చింది. అదే వరదల్లో చెయ్యేరు పొంగి నందలూరు-రాజంపేట మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. పాత జాబితాలను ఈ కొత్త నీటి లెక్కతో సరిచూడటం వర్షాకాలానికి ముందే జరగవలసిన పని.