తిన్నెకు చెమ్మ

ఈశాన్యపు వానలు వెనుకబట్టగానే మా శీర్షికకు వచ్చే ప్రశ్నలలో సగం తిన్నెను గురించే ఉంటాయి. పళ్ళికొండ పాత వీధులలో ఇల్లంటే ముందు తిన్నె, తరువాతనే తలుపు. వచ్చినవారు కూర్చునేది అక్కడ, పెద్దవాళ్ళు పగలంతా నడుము వాల్చేది అక్కడే. ఆ తిన్నె చెమ్మగిలి, గచ్చు పెచ్చులుగా లేచి, గోడ అడుగున తెల్లని ఉప్పు పూసినదంటే ఇంటివారు మేస్త్రీని పిలిచి పైన సిమెంటు పూయిస్తారు. కొంచెం చేయి ఆడే సంవత్సరమైతే టైల్సు పరిపిస్తారు. రెండు వానకాలాలు గడిచేసరికి టైలు మీద తడితే డొల్ల చప్పుడు! చీటీ ఎత్తిన డబ్బు ఈవిధంగా నిజంగానే నేలపాలవుతున్నది.

పైన ఏమి వేయాలి అని అడిగే ముందు నీరు ఎక్కడినుంచి వస్తున్నదో చూడాలి గదా. దీనికి ఇంజనీరు అక్కరలేదు. రెండడుగుల చదరపు పాలిథిన్ కాగితాన్ని నేలమీద పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, రెండు రోజులు వదలండి. కాగితం అడుగున నీటి బొట్లు కనబడితే చెమ్మ భూమిలోనిది. పైన తడిసి, అడుగు పొడిగా ఉంటే గాలిలోనిది. అమెరికాలో ఉన్న మన పిల్లల నేలమాళిగలకూ ఇదే పరీక్ష. అయితే అక్కడ వేసవిలో గాలి ఆడాలని కిటికీలు తెరిస్తే వెచ్చని తేమగాలి చల్లని నేలకు తగిలి, చన్నీళ్ళ చెంబుకు పట్టినట్లు చెమట పడుతుంది. మూసి ఉంచి తేమ తీసే యంత్రం పెట్టుకోవడమే మేలు.

మన తిన్నెలకు వచ్చేది ఎక్కువగా భూమి చెమ్మ. దీపపు వత్తి నూనె పీల్చినట్లు ఇటుక నీటిని పీలుస్తుంది. సాధారణంగా మూడడుగుల దాకా ఎక్కుతుంది. నీరు గాలికి ఆరిపోతుంది. దానితో వచ్చిన ఉప్పు మాత్రం పోదు. గారలోనే గడ్డకట్టి గారను బయటికి తోస్తుంది. పాత సున్నపు గార చెమ్మను బయటికి పోనిచ్చేది. సిమెంటు పూత పోనీయదు. అందువల్ల చెమ్మ ఇంకా పైకెక్కి లోపలి గదిలో తేలుతుంది. పాలారు ఒడ్డున ఉప్పు సంగతి వేరే చెప్పాలా? తోళ్ళ కర్మాగారాల నీటివల్ల ఈ నది పాడవుతున్నదనే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఉప్పు బోరు నీటితో గచ్చు కలిపితే ఉప్పును మనమే లోపల పెట్టినట్లు. తాగడానికి పనికివచ్చే నీరే సిమెంటుకూ పనికివస్తుంది.

రెండవ శత్రువు రోడ్డు. తారు మీద తారు వేసి వీధి ఎత్తవుతుంటే, తాతలు మూడు మెట్లెక్కిన తిన్నె ఈనాడు వీధితో సమమైనది. 2021లో తమిళనాడు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇరైయన్బు, పాత పొర చెక్కి తీసిన తరువాతే కొత్తది వేయాలనీ, రోడ్డు మట్టం పెంచరాదనీ అధికారులకు వ్రాశారు. ఆ సంగతి ఎత్తి పట్టణ పంచాయతీకి అర్జీ ఇవ్వండి, పని మొదలుకాక మునుపే. కాగితాల మధ్య బ్రతికేవాళ్ళం గనుక చెబుతున్నాము: రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మరువకండి.

తడిసిన గోడను చిన్న విషయమనుకోవద్దు. పాలారు పొంగిన 2021 నవంబరులోనే, 19వ తేదీన, మనకు దగ్గరనున్న పేర్ణాంబట్టులో భారీ వానకు గోడ కూలి తొమ్మిదిమంది పోయారు. నలుగురు పసివాళ్ళు.

ఇక మరమ్మతు. మొదట చూరు నీరు, మిద్దె గొట్టం నీరు తిన్నె మొదట్లో పడకుండా దూరంగా మళ్ళించండి. కొన్ని ఇళ్ళలో దీనితోనే సగం చెమ్మ పోతుంది, ఖర్చు గొట్టం ముక్క మాత్రమే. అప్పటికీ పోకపోతే పాత గచ్చు తీసి, మట్టి తవ్వి, నాలుగంగుళాల పెద్ద కంకర పరచాలి. సన్న ఇసుక, మట్టి నీటిని పీలుస్తాయి. కంకర సందులలో నీరు ఎక్కలేదు. దానిమీద పలుచగా కాంక్రీటు, ఆపైన మందమైన పాలిథిన్ కాగితం. అతుకుల దగ్గర ఆరంగుళాలు ఒకదానిమీద ఒకటి రావాలి, గోడవైపు పైకి మడవాలి. మేస్త్రీలు ఈ మడత ఎగ్గొడతారు, దగ్గర నిలుచుని చేయించండి. తరువాత మూడంగుళాల కాంక్రీటు, పైన కడప బండలు. ఇక్కడి తమిళులు సైతం వాటిని కడప కల్లు అనే అంటారు! నాలుగడుగులకు అంగుళం చొప్పున వీధివైపు వాలు ఉండాలి. వారం రోజులు తడుపుతూ ఉండాలి.

గోడకు చెమ్మ ఎక్కినంతమేర, దానిపైన ఇంకొక అడుగు, సిమెంటు చెక్కించి ఊరికే వదలండి. ఉప్పు పూసినప్పుడల్లా పొడి చీపురుతో ఊడ్చి పారేయండి; నీళ్ళతో కడిగితే తిరిగి లోపలికే పోతుంది. బాగా ఆరిన తరువాత సున్నపు గార వేయించాలి. సంక్రాంతి దాటి పని మొదలుపెట్టి, ఎండలు ముదిరేదాకా గోడను ఆరనిస్తే మంచిది. అంతవరకు పెద్దవాళ్ళ పడకను చెమ్మ గోడకు జానెడు ఎడంగా, మంచం మీదనే వేయండి.