ఛానల్ ఎవరి పేరు మీదుంది?

1993లో నేను పంపిన వంటింటి చిట్కా ఒకటి పత్రికలో అచ్చయింది. కొత్త చింతపండు ఏడాది పొడుగునా పాడవకుండా ఎలా దాచుకోవాలో నాలుగు వాక్యాల్లో రాశాను. చిట్కా కింద నా పేరు లేదు. "శ్రీమతి" అని, పక్కనే మావారి పేరు. అప్పట్లో మేమంతా అలాగే సంతకం పెట్టేవాళ్ళం. ఎవరూ బలవంతపెట్టలేదు సుమండీ! నెల తర్వాత పాతిక రూపాయలు మనియార్డరు వచ్చింది. మామయ్యగారు సంతకం చేసి తీసుకున్నారు. "మా కోడలికి పేపరు వాళ్ళు డబ్బు పంపించారు" అని అరుగు మీద కూర్చున్న నలుగురికీ చెప్పి మురిసిపోయారు కూడా. ఆ పాతిక మాత్రం నా చేతికి రాలేదు. నేను అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

ముప్ఫయ్యేళ్ళ నాటి ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? మొన్న సంక్రాంతికి మా చెల్లెలి ఇంట్లో జరిగిన రభస చూశాక గుర్తొచ్చింది.

చెల్లెలి కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా 2020లో కాలేజీలు మూతబడ్డాయి. ఇంట్లో ఊరికే కూర్చోలేక, తమ్ముడి ఫోను కిటికీకి ఆనించి పెట్టి జాకెట్ కటింగ్ వీడియోలు తీయడం మొదలుపెట్టింది. చంక దగ్గర ముడతలు ఎందుకు పడతాయి, భుజం జారకుండా మెడ ఎంత తీయాలి, లైనింగ్ గుడ్డని కత్తిరించే ముందు ఎందుకు తడిపి ఆరేయాలి... ఇలాంటివి. మొదటి ఏడాది ఇంట్లో వాళ్ళం తప్ప చూసినవాళ్ళు లేరు. తర్వాత తర్వాత వేలమంది చూడసాగారు. పెళ్ళి నాటికి నెలకి పదిహేను, ఇరవై వేలు వస్తున్నాయి. టైలరింగ్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ లేదు, ఎవరి సిఫారసూ లేదు. పిల్ల చేతిలో పని ఉంది, చెప్పే నేర్పు ఉంది, అంతే.

మా కాలంలో ఇలా కుదిరేదా? కథ పంపాలంటే తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతచేయాలి. నా కవర్లు నాకే క్షేమంగా తిరిగొచ్చేవి! రేడియోలో పాడాలంటే ఆడిషన్ నెగ్గి గ్రేడు తెచ్చుకోవాలి. ఇక సినిమా సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక పెద్దమనిషి కూర్చుని ఉండేవాడు. ఆయన మంచివాడు కావచ్చు, చదువుకున్నవాడు కావచ్చు. కానీ ఆయన ఊ అంటేనే లోపలికి.

2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్ చవకయ్యాక ఆ గుమ్మాల పక్కనుంచే జనం నడిచి వెళ్ళిపోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో'లో, పొలం పనులు చేసుకునే గంగవ్వ తన యాసలో తాను మాట్లాడింది. 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్ళింది. ఆ వయసులో, ఆ మాటతీరుతో ఏ స్టూడియోకి వెళ్ళినా గేటు దగ్గరే ఆపేసేవారు కదా! గుడివాడ మస్తానమ్మ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నూరేళ్ళు దాటాయని చెప్పుకున్న ఆ అవ్వ కట్టెల పొయ్యి మీద పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. ఆ వీడియోలు తీసి పెట్టింది మునిమనవడు. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి పది లక్షల మందికి పైగా ఆ ఛానల్‌లో చేరారు. యూట్యూబ్‌లో చిన్న చిత్రాలు పెట్టిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్ళిచూపులు' తీశాడు. 'మహాతల్లి'గా జాహ్నవి దాశెట్టి మనిళ్ళల్లో మాటల్నే మనకి వినిపించి నవ్వించింది. వీళ్ళెవరూ ముందు ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడలేదు. నాకైతే ఇది చూస్తే కడుపు నిండినట్టుంటుంది.

అయితే గుమ్మాలన్నీ పోయాయనుకుంటే పొరపాటే. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలని 2018లో నిబంధన పెట్టారు. పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో వంద రూపాయలకి యాభై అయిదు మనకి, మిగతాది వాళ్ళకి. ఆ లెక్క వాళ్ళు చెప్పిందే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించినప్పుడు, దాని మీదే పేరు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు తెల్లారేసరికి మళ్ళీ మొదటికొచ్చారు. అద్దె ఇంట్లో ఎంత మంచి ముగ్గేసినా వాకిలి మనది కాదు. సరే, అంత పెద్ద కంపెనీలతో మనం పోట్లాడలేం. నేను చెప్పబోయేది అంతకంటే దగ్గరి గుమ్మం సంగతి. అది మన ఇంటి లోపలిదే.

మళ్ళీ సంక్రాంతికి వద్దాం. పిల్ల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలనుకుంది. లక్షల్లో పని. లోను కోసం బ్యాంకుకి వెళితే ఐటీ రిటర్నులు తెమ్మన్నారు. ఎక్కడున్నాయి? జీమెయిల్ తమ్ముడిది. డబ్బు పడే ఖాతా, పాన్ కార్డు వాళ్ళ నాన్నవి. అయిదేళ్ళ కష్టం కాగితాల మీద మా మరిదిగారి ఆదాయం! పిల్ల పేరున పైసా లేదు. బ్యాంకు లెక్కలో ఆ అమ్మాయి ఖాళీగా ఇంట్లో కూర్చున్న మనిషి.

అక్కణ్ణుంచి మొదలైంది. "పెళ్ళయి రెండేళ్ళయింది, ఛానల్ మా ఇంటికి మార్చండి మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఎడిటింగంతా నేను చేశాను బావా" అన్నాడు తమ్ముడు. "కెమెరా, లైట్లు కొన్నది నేను" అని అతను. "పెళ్ళి ఖర్చుకి ఆ డబ్బే కదా వాడింది" అని మా మరిదిగారు నోరు జారారు. అల్లుడు కంచం ముందు నుంచి లేచాడు. పండగ పూట! మా చెల్లెలు ఏడుపు. పిల్ల మాత్రం వంటింట్లో అరిసెలు వత్తుతోంది. నేను లోపలికెళ్ళి "నీ ఉద్దేశం ఏమిటే?" అని అడిగాను. "ఎవరి దగ్గరున్నా పర్లేదు పెద్దమ్మా, గొడవ లేకపోతే చాలు" అంది.

ఆ మాట విని నాకు కోపం రాలేదు, భయమేసింది. పాతిక రూపాయల మనియార్డరు నాటి నా గొంతే అది. బయటి ప్రపంచంలో ఎవర్నీ అడక్కుండా దారి వేసుకున్న పిల్ల, ఇంట్లో తన వస్తువు తనదని చెప్పలేకపోయింది. పొలం గట్టు పంచుకున్నట్టు రెండిళ్ళ మగవాళ్ళూ వాదించుకుంటుంటే గట్టు మీద పశువులా నిలబడింది. ఈ పోలిక మోటుగా ఉందా? ఉండనివ్వండి.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి ఆ డబ్బు ఖాతా తెరవనివ్వరు, పెద్దవాళ్ళ పేరున తెరవాల్సిందే. పిల్ల మొదలుపెట్టేనాటికి పద్దెనిమిది నిండినా, బ్యాంకు పుస్తకం నాన్నకి తప్ప లేదు గనక అలా జరిగిపోయింది. తర్వాత మార్చాలని ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. తమ్ముడు రాత్రిళ్ళు మేలుకుని ఎడిటింగ్ చేసిన మాటా నిజమే. అయితే దానికి జీతం ఇవ్వొచ్చు, వాటా ఇవ్వొచ్చు, ఎంతో కాగితం మీద రాసుకోవచ్చు. పొలంలో కూలికి వచ్చినవాడికి కూలి ఇస్తాం గానీ పొలం రాసిస్తామా?

ఇంకో సంగతి. ఛానల్ మీద ఫోన్ నంబరు ఎవరిదో చూశారా? చీరల కొట్లవాళ్ళు ప్రచారం కోసం ఫోన్ చేస్తే ఎత్తేది భర్తో అన్నో. బేరం వాళ్ళే ఆడతారు. పార్సిల్ ఇంటికొచ్చాకే ఫలానా చీర కట్టుకుని మాట్లాడాలని పిల్లకి తెలుస్తుంది. ఆ చీర రెండు ఉతుకులకే వెలిసిపోతే తిట్లు తినేది మాత్రం తెర మీద కనబడ్డ మొహం. డబ్బో సరుకో తీసుకుని చెప్పేటప్పుడు ఇది ప్రకటన అని తేటగా చెప్పి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. బాధ్యత పిల్లది, బేరం ఇంకొకరిది!

మొహం అన్నాను గానీ, చాలా ఛానళ్ళలో మొహమే ఉండదు. చేతులు, గాజులు, గొంతు. కొందరు అమ్మాయిలు పాడు కామెంట్లు పడలేక తామే అలా చేస్తారు, అది వాళ్ళిష్టం. మావాళ్ళ పిల్ల విషయంలో మాత్రం మామగారి షరతు అది. "చేతులు చూపించుకో, మొహం వద్దు" అన్నారట. చేతుల వల్ల వచ్చే డబ్బు మాత్రం ఇంటికి రావాలి!

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే నాలుగు సంగతులు చూసుకోండి. ఛానల్ ఏ జీమెయిల్ మీద తెరిచారు, దాని పాస్‌వర్డు ఎవరికి తెలుసు, మర్చిపోతే కోడు వచ్చే ఫోను ఎవరిది, డబ్బు పడే బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది. ఛానల్‌కి జతచేసిన డబ్బు ఖాతాని మార్చుకునే వీలుంది. పెద్ద కష్టమేమీ కాదు. కష్టమల్లా ఇంట్లో ఆ మాట ఎత్తడమే. "మేమిద్దరం వేరా అత్తయ్యా?" అని మా అల్లుడు మా చెల్లెల్ని అడిగాడు. వేరు కాదు నాయనా, అయితే బ్యాంకు వాళ్ళకి వేరే! అని నేనే జవాబు చెప్పాను. నవ్వాడు. కానీ బాగా నవ్వలేదు.

ఛానల్ పెట్టిన ప్రతివాళ్ళకీ డబ్బు రాదు. చదువు మానేసి ఇందులో దిగమని నేను ఏ పిల్లకీ చెప్పను. వచ్చినవాళ్ళ గురించే ఈ గోలంతా.

ఉగాది వెళ్ళాక పిల్ల ఫోన్ చేసింది. తన పేరున బ్యాంకు ఖాతా తెరిచిందట. తమ్ముడు దగ్గర కూర్చుని జీమెయిల్ సంగతి చూశాడట, నెలకి ఇంత అని ఎడిటింగ్‌కి మాట్లాడుకున్నారట. డబ్బు ఖాతా కూడా తన పేరున కొత్తగా పెట్టింది. అందులో పది డాలర్లు చేరాక గూగుల్ వాళ్ళు ఇంటి అడ్రసుకి మామూలు పోస్టులో ఓ పిన్ నంబరు పంపుతారు. అది కొడితేనే ముందుకు సాగుతుంది. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తోంది. మామగారు పగలంతా వరండాలోనే కూర్చుంటారు కదా, అందుకని పోస్ట్‌మాన్ నంబరు తీసుకుని, తన పేరున ఏమొచ్చినా తన చేతికే ఇమ్మని చెప్పిందట.

మామగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. మిషన్ లోనుకి మరో రెండేళ్ళయినా ఆగాలి.