ఇంటి డీజిలు, దాని లెక్క

ఇరువది రూపాయలకు లీటరు డీజిలు! మన పఠనమందిరపు సావడిలో ఒక ఉపన్యాసకుడు ఈ మాట పలికినప్పుడు చప్పట్లు చరచినవారిలో నేనును ఒకడను. బజ్జీల కొట్టులో మాడిన నూనె, కొంచెము మెథనాలు, పిడికెడు కాస్టిక్ సోడా, ఒక యినుప పీపా ఉన్న చాలుననియు, వంట వచ్చిన ప్రతి యింటను ఇంధనము వండుకొనవచ్చుననియు ఆయన సెలవిచ్చెను. గ్రామపరిశ్రమల ప్రచారమునకై కాలికి బలపము కట్టుకొని తిరిగినవాడను గనుక ఆ మాట నా చెవికి అమృతమువలె సోకెను. నేడు ఆ మాటనే ఖండించుటకు కలము పట్టవలసివచ్చినది.

ఇందుకు కారణము ఒక రైతు. అయిదెకరముల మెట్టయు, ఒక పాత ట్రాక్టరును అతని సర్వస్వము. ఉపన్యాసములు విని, అప్పు తెచ్చి, 70,000 రూపాయలకు బయోడీజిలు యంత్రమును కొనెను. ఒకనాటి యుదయమున నా కార్యాలయమునకు వచ్చి, సంచిలోనుండి గాజుసీసా నొకదానిని తీసి బల్లపై పెట్టి, "ఇది డీజిలో సబ్బో మీరే చెప్పండి బాబూ" అనెను. సీసాను తలక్రిందులు చేసినను లోపలి గోధుమరంగు ముద్ద కదలలేదు. ఒప్పందపత్రమును చదివితిని. యంత్రము కాచును, కలుపును, వడబోయును అని మాత్రమే అందు వ్రాసియున్నది. యంత్రము కాచుచునే యున్నది, కలుపుచునే యున్నది. ఇక దావా దేనికి వేయవలెను? చేతికి రావలసిన పని యంత్రముతోపాటు రాదని ఏ పత్రమునందును వ్రాయరు.

దావా వేయలేకపోతిని గాని, చేతులు ముడుచుకొని కూర్చుండుటకు మనసొప్పలేదు. అతడును నేనును మరి యిద్దరు మిత్రులును నాలుగు మాసములు ఆదివారములన్నియు ఆ పీపా చుట్టును గడపితిమి.

పని పుస్తకమున చదువుటకు మిక్కిలి సులభము. నూనెలో మూడేసి కొవ్వు ఆమ్లములు ఒక్కొక్క గ్లిజరినును పట్టుకొని యుండును. మెథనాలు వానిని విడదీసి తనతో జతపరచుకొనును. కాస్టిక్ సోడా ఈ మార్పును త్వరపరచును. బరువైన గ్లిజరిను అడుగునకు దిగును, పైన తేలునది బయోడీజిలు. నూరు లీటర్ల నూనెకు ఇరువది లీటర్ల మెథనాలు. ఇంతవరకు ఉపన్యాసకుడు చెప్పినది సత్యమే.

ఆయన చెప్పనిది నూనె సంగతి. బజ్జీ వేగునప్పుడు పిండిలోని నీరు నూనెలో దిగును. మరల మరల కాగిన నూనె విరిగి ఆమ్లములు విడివడును. నీరును, విడి ఆమ్లమును ఉన్నచోట క్షారము సబ్బును చేయునేగాని డీజిలును చేయదు. కాబట్టి ముందుగా నూనెను కాచి తడి ఆర్చవలెను. పిమ్మట ఒక మిల్లీలీటరు నూనెను ఆల్కహాలులో కలిపి, సన్నని క్షారద్రావకమును చుక్కచుక్కగా విడిచి, రంగు మారువరకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టెనో చూడవలెను. క్రొత్తనూనెకు లీటరుకు మూడున్నర గ్రాముల సోడా చాలును. వాడిన నూనెకు పరీక్షలో ఎన్ని మిల్లీలీటర్లు పట్టెనో అన్ని గ్రాములు అదనముగా చేర్చవలెను. తూకమున ఒకటి రెండు గ్రాములు తప్పినచో వంట చెడును. సోడా డబ్బా మూత వానకాలమున ఒక పూట తెరచియుంచినను గాలిలోని తేమను త్రాగి సోడా బలహీనపడును. వేడి 60 డిగ్రీలకు లోబడి యుండవలెను, 65 దగ్గర మెథనాలు మరుగును.

మా మొదటి వంట రైతు తెచ్చిన సీసావలెనే సబ్బయ్యెను. రెండవది బాగుగనే వచ్చినదిగాని, కడుగుటలో తొందరపడి గట్టిగా కలియబెట్టుటచే పీపా నిండ మజ్జిగ వలె చిక్కబడి, మూడు దినములైనను విడిపోలేదు. మూడవదానిని చూచి మురిసితిమి. దానిలో మూడు మిల్లీలీటర్లు తీసి యిరువదియేడు మిల్లీలీటర్ల మెథనాలులో కలిపి చూడగా మారని నూనె అడుగున దిగి మా మురిపెమును తీర్చెను. నాలుగవది పరీక్షకు నిలచినది. దానిని ట్రాక్టరులో పోసిన వారమునకు ఇంజను ఆగిపోయెను. ఇంధనము తప్పు కాదు. ఏండ్ల తరబడి టాంకులో పేరుకొనిన మడ్డిని బయోడీజిలు కరగించి ఫిల్టరుకు చేర్చెను. ఇట్లగునని తెలిసినవారు రెండు ఫిల్టర్లు చేతనుంచుకొందురట! మాకు తెలిసినది దుక్కి నడుమ.

ఇక లెక్క. వాడిన నూనె ఊరక వచ్చు దినములు గతించినవి. 2018లో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ వాడిన నూనెను బయోడీజిలుకు మరల్చు కార్యక్రమమును ఆరంభించినది మొదలు దానిని కొనువారు ఏర్పడిరి. లీటరు 60 రూపాయలనుకొందము. నూరు లీటర్లకు 6,000, మెథనాలుకు 1,200, సోడాకు 100, కరెంటునకు నీటికి వడబోతకు 300, మొత్తము 7,600. కడుగుటలోను మడ్డిలోను పోగా తొంబది లీటర్లు మిగులును. లీటరునకు లీటరు చూచినచో దీని శక్తి డీజిలుకంటె సుమారు నూటికి ఎనిమిది వంతులు తక్కువ గనుక ఈ తొంబది లీటర్లు ఎనుబదిమూడు లీటర్ల డీజిలుకు సమానము. డీజిలు 97 రూపాయలనుకొన్నను దాని వెల 8,050. మిగిలినది 450 రూపాయలు! రెండు దినముల కూలి ఇందు కట్టలేదు. పది వంటలలో ఒక్కటి చెడిపోయిన తొమ్మిదింటి లాభము 4,050, పదవదాని నష్టము 7,600. యంత్రముపై వడ్డీ మాట ఎత్తనేలేదు. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యనిన ఇదియే. ఎలుకయైనను చిక్కిన గదా! క్రొత్త నూనెతో వండుదమన్నచో, దాని ధరయే డీజిలు ధరను మించియున్నది.

గ్లిజరినును సబ్బులవారు కొందురని మరియొక ఆశ చూపుదురు. అడుగున దిగిన ఆ నల్లని ద్రవములో మెథనాలును, క్షారమును, సబ్బును కలిసియుండును. మా దానిని ఎవరును కొనలేదు. కడిగిన నీరు పోసినచోట గడ్డి మాడినది.

ఈ వెలలన్నిటికంటె నన్ను భయపెట్టినది వేరు. మెథనాలు సారావలె కనబడును, సారావలె వాసన కొట్టును. పది మిల్లీలీటర్లు లోనికి పోయిన చూపు పోవచ్చును. దాని మంట పట్టపగటి వెలుగులో కంటికి కనబడదు. 1919 నాటి విషపదార్థముల చట్టము క్రింద రాష్ట్రముల నియమములకు లోబడిన సరకిది. దీనిని పాత కూల్‌డ్రింకు సీసాలలో పోసి వంటయింటి గూటిలో పెట్టిన యిండ్లను కన్నులార చూచితిని. స్వదేశి యని పేరు పెట్టి అమ్ముచున్న ఈ విద్యకు కావలసిన మెథనాలులో అధికభాగము విదేశములనుండి ఓడలలో దిగుచున్నదని ఆ యుపన్యాసకులు ఎరుగరా?

1900లో పారిస్ ప్రదర్శనమున డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతో నడిచినదని ప్రతి ఉపన్యాసమునందును వినబడును. నిజమే. ఆ నూనెలో మెథనాలు లేదు, సోడా లేదు, ఆ ఇంజనులో నేటి సన్నని పంపులును లేవు. ఆ సాక్ష్యము ఈ దావాకు చెల్లదు. ప్రభుత్వమువారు మాత్రము వెనుకబడినారా? అడవి ఆముదముతో 2011–12 నాటికి నూటికి ఇరువది వంతుల బయోడీజిలు కలుపుదమని 2003లో ప్రణాళికాసంఘపు కమిటీ లెక్కలు కట్టెను. 2009 విధానము ఆ గడువును 2017కు జరిపెను. 2018 విధానము ఇరువదిని అయిదు చేసి 2030కి వాయిదా వేసెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము.

నేర్చుకొన్నవారికి ఇది సాధ్యము కాదా యని కొందరు మిత్రులు నన్ను తప్పుపట్టుచున్నారు. సాధ్యమే. మా అయిదవ, ఆరవ వంటలు చక్కగా కుదిరినవి. నా తగవు విద్యతో కాదు, విద్యకు కట్టవలసిన రుసుమును దాచిపెట్టుటతోడనే. ఒక లీటరు నూనెతో, గాజు సీసాలో, పది మారులు చేసి చూచినచో పోవునది కొన్ని వందల రూపాయలు. మా రైతు నూరు లీటర్లతో మొదలుపెట్టెను, ఎట్లనగా అట్లే చేయుమని ఆయనకు చెప్పిరి. ఇంజను నెమ్మదిది, నూనె చేరువలోనిది అయినప్పుడు అసలు ఈ వంటయే అక్కరలేకపోవచ్చును. ఆదిలాబాదు జిల్లా చల్పడి గ్రామమున 2000 దాటిన తొలి యేండ్లలో కానుగ గింజల నూనెను తీసి, వడబోసి, దానితోనే జనరేటరును నడపి దీపములు వెలిగించిరి.

రైతు తన పీపాను అమ్మజూచెను. పాత యినుము వెలకు తప్ప ఎవరును అడుగలేదు. అప్పులో ఇంకను సగము తీరవలసియున్నది.

ఆ యుపన్యాసకుడు వచ్చు నెలలో మరల మన సావడికి విచ్చేయునని వినుచున్నాను. నేనును ముందువరుసలోనే కూర్చుందును. ఈమారు చప్పట్లకు ముందు ఆయన చిట్టా నొకసారి చూపుమని సభవారు అడుగవలెను. ఎన్ని వంటలు వండిరి, ఎన్ని చెడినవి, మెథనాలు ఎవరివద్ద ఎంతకు కొనిరి, గ్లిజరినును ఎవరు కొనిరి? ఇరువది రూపాయల లెక్క ఆ చిట్టాలో ఏ పుటలో నున్నదో నేనే చదివి వినిపించెదను.