తాళంకప్ప మనది, తలుపు ఇంటిది

కిరాయి ఇల్లు ఖాళీ చేసే రోజున మంచం, బీరువా, వంటపాత్రల దగ్గర ఎవరికీ పేచీ రాదు. గోడకు బిగించిన అలమరా, బోరులో దించిన మోటారు, పెరట్లో నాటిన కొబ్బరిచెట్టు దగ్గరే మాటా మాటా పెరుగుతుంది. ఖమ్మంలో నాకు తెలిసిన రెండు కుటుంబాలవారు ఒకే మస్జిదులో పక్కపక్కనే నిలబడి నమాజు చేసేవారు. మోటారు కిరాయిదారు కొన్నదే. దాన్ని పైకి లాగేటప్పుడు పైపు విరిగి బోరులో పడింది. ఆ రోజు నుంచి వారి మధ్య సలాము కూడా ఆగిపోయింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

ఈ తగాదా కొత్తది కాదు. హనఫీ ధర్మవేత్తలు దీన్ని ఎన్నో శతాబ్దాల కిందటే విచారించారు. ఇల్లు అమ్మితే, పేరు పెట్టి చెప్పకపోయినా కట్టడం అమ్మకంలో చేరుతుంది. తలుపుకు బిగించిన తాళం, దాని చెవి ఇంటితోనే పోతాయి. విడిగా వేసే తాళంకప్ప అమ్మినవాడిదే. భూమి అమ్మితే చెట్లు చేరుతాయి, పైరు చేరదు. కిరాయి నేలలో చెట్టు నాటినవాడు గడువు తీరాక దాన్ని తీసి నేలను అప్పగించాలి. పెరికితే నేల పాడవుతుందనుకుంటే, యజమాని పెరికిన చెట్టుకు ఎంత విలువో అంత ఇచ్చి ఉంచుకోవచ్చు. ఇద్దరిలో ఎవరి సొమ్మూ నష్టపోకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

దేశ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేకపోతే, కిరాయిదారు తాను బిగించినవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే తీసుకోవచ్చు. ఇల్లు అప్పగించాక ఆ హక్కు ఉండదు. ఇంటిని మాత్రం పుచ్చుకున్న స్థితిలోనే అప్పగించాలి.

భద్రాచలం దాటి అడవి అంచుకు వెళితే ఈ ప్రశ్న మరింత బరువైనది. పోలవరం ముంపు కారణంగా కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముంపు గ్రామాల్లో ఇల్లు వదలడమంటే ఊరు వదలడమే. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షను ప్రకారం కట్టడాలకు ఇంజనీరు చేత, చెట్లకు ఆ విషయం తెలిసిన నిపుణుల చేత విలువ కట్టించవచ్చు. కనుక లెక్క రాసే రోజే బావి, చుట్టుగోడ, పెరటి చింతచెట్టు జాబితాలోకి ఎక్కాయో లేదో చూసుకోవాలి. పరిహారం పుచ్చుకున్నాక అదే ద్వారబంధాన్ని ఊడదీసుకోవాలంటే ముందు అధికారులను అడగాలి. వెల తీసుకున్న వస్తువు మనది కాదు. చదువు రాని కోయ పొరుగువారికి ఆ జాబితా చదివి వినిపించడం చదువుకున్న మన యువకుల బాధ్యత.

అప్పు వ్యవహారాన్ని రాసుకోమని ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశించింది. ఇంటి విషయంలోనూ ఆ జాగ్రత్త మేలు. ఇంట్లో దిగిన రోజే ఉన్నవన్నీ రెండు ప్రతుల్లో రాసుకోండి. కొత్తగా ఏది బిగించినా ఖర్చు ఎవరిది, పోయేటప్పుడు ఎవరు తీసుకోవాలి అన్నది యజమానితో మాట్లాడి అందులో చేర్చండి. వెళ్లే ముందు మేకు తీసిన చోట సిమెంటు పూడ్చండి. కిరాయి ఇల్లు మన చేతిలోని అమానతు. దాన్ని మచ్చ లేకుండా అప్పగించి, సలాము చెప్పి బయలుదేరుదాం.