టోనీ అయోమీ వేళ్ళు, మా కుర్రాడి మణికట్టు

ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే.

మా టీమ్ లో ఓ కుర్రాడున్నాడు. ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆమధ్య టీమ్ లో ఇద్దరు మానేశారు. వాళ్ళ స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు కాబట్టి, ఆ పనిలో సగం ఇతని నెత్తిన పడింది. మూడు నెలలపాటు రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు కూర్చున్నాడు. ఇప్పుడు కుడిచెయ్యి మణికట్టు నొప్పి, వేళ్ళు తిమ్మిర్లు. కొన్నాళ్ళు కీబోర్డు ముట్టుకోవద్దన్నాడట డాక్టరు. కాంటీన్లో టీ తాగుతూ "ఏం చెయ్యమంటావన్నా?" అని అడిగాడు. నేనేమో పెద్ద జ్ఞానిలా మొహం పెట్టి టోనీ అయోమీ కథ చెప్పాను. రెండు వేళ్ళ చివర్లు తెగిపోయినవాడే గిటార్ తో ప్రపంచాన్ని ఊపేశాడు, నీవి ఉత్త తిమ్మిర్లేగా అన్నాను. వాడు నవ్వేసి, టీ కప్పు ఎడంచేత్తో పట్టుకుని సీటుకెళ్ళిపోయాడు.

ఆ ఎడంచెయ్యి చూశాక నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పట్నుంచీ బ్లాక్ సబాత్ పాటలు వింటున్నాను. అయోమీ కథ నాకు తెలుసనుకున్నాను. నేను చెప్పింది సగమేనని అప్పుడు తట్టింది. చెప్పకుండా వదిలేసిన సగమేంటో చూడండి.

1965. బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనే పేట. కుర్రాడి వయసు 17. ఇనప రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. ఓ బ్యాండుతో యూరప్ వెళ్ళే అవకాశం రావడంతో ఉద్యోగం మానేస్తున్నాడు. ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనంటే, వాళ్ళమ్మ "మొదలెట్టిన పని సరిగ్గా ముగించి రా" అన్నట్టుగా చెప్పి పంపించింది. రేకులు వంచి ఇతనికి అందించాల్సిన మనిషి ఆరోజు రాలేదు. అందుకని ఇతన్ని తనకి అలవాటులేని ప్రెస్ మిషన్ మీద కూర్చోబెట్టారు. ప్రెస్ కిందికి దిగింది. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు చివర్లు పోయాయి. అయోమీది ఎడమచేతి వాటం, అంటే గిటార్ మీద తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ చేత్తోనే.

నేను టీ తాగుతూ చెప్పిన కథ ఇక్కడ, వేళ్ళు తెగాక, మొదలైంది. నిజానికి అది మొదలవ్వాల్సింది ఆ రోజు పనికి రాని మనిషి దగ్గర. వచ్చిన పని వేరు, చేయించిన పని వేరు. నేర్పినవాళ్ళు లేరు. ఎందుకంటే పని ఆగకూడదు. మనలో ఎంతమందికి ఇది కొత్త? పక్క మాడ్యూల్ వాడు సెలవు పెడితే, అందులో ఒక్క లైనూ చదవనివాడి చేత రాత్రికి రాత్రి రిలీజ్ చేయించిన సందర్భాలు మీరు చూడలేదా? మన దగ్గర తెగేది సర్వర్ కాబట్టి సరిపోతోంది. కొన్నిసార్లు మణికట్టు.

తర్వాతి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇక గిటార్ మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో ఆయన పైవాడు ఇంటికి ఓ రికార్డు పట్టుకొచ్చాడు. వినే ఓపిక లేదంటున్నా బలవంతంగా వినిపించి, వాయిస్తున్నది జాంగో రైన్‌హార్ట్ అనీ, 1928 లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు పనికిరాకుండా పోయాయనీ చెప్పాడు. అయోమీలో కదలిక వచ్చింది. గిన్నెలు తోముకునే ద్రవం అమ్మే ప్లాస్టిక్ సీసాని కరిగించి, వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. పైన తోలుముక్క అంటించాడు. మామూలు తీగలు గట్టిగా ఉంటే, సన్నగా ఉండే బాంజో తీగలు వాడాడు. 1971 లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ నాటికి గిటార్ శ్రుతిని మూడు సెమీటోన్లు కిందికి దించాడు. శ్రుతి దిగితే తీగ బిగువు తగ్గుతుంది, వేలికి సుఖం. దాంతోపాటు శబ్దం కూడా బరువెక్కింది. తర్వాత వచ్చిన మెటల్ బ్యాండ్లలో ఎన్నో ఆ దారే పట్టాయి.

ఇది వినగానే మనవాళ్ళు "చూశారా, ఆ ప్రమాదమే హెవీ మెటల్ని పుట్టించింది" అనేస్తారు. నాకు ఈ మాటంటే ఒళ్ళుమంట. వేళ్ళు తెగితే సంగీతం పుట్టేట్టయితే ప్రతి ఫ్యాక్టరీ ముందూ ఓ బ్యాండు ఉండాలి. తెగిన వేళ్ళతో ఇంట్లో కూర్చుండిపోయినవాళ్ళ కథ ఎవరూ స్లైడ్లలో పెట్టరు. గెలిచినవాడిని మాత్రమే లెక్కేసి, దెబ్బ మంచిదే అని తేల్చడం మన టెస్టింగ్ భాషలో చెప్పాలంటే, పాసైన కేసులు మాత్రమే రిపోర్టులో పెట్టడం.

అసలు ఆయన కెరీర్ చూస్తే ప్రమాదం కన్నా పెద్ద విషయాలు చాలా ఉన్నాయి. 1968 చివర్లో కొద్దిరోజులు జెత్రో టల్ బ్యాండులో చేరి, వాళ్ళు పొద్దున్నే ఆఫీసుకెళ్ళినట్టు సాధనకి రావడం చూసి, తిరిగొచ్చి తన మిత్రులనీ అదే పద్ధతిలో పెట్టాడు. మొదటి ఆల్బమ్ 1969 అక్టోబరులో ఒక్కరోజులో రికార్డు చేసి, 1970 ఫిబ్రవరి 13న విడుదల చేశారంటే దాని వెనక ఆ సాధన ఉంది. గీజర్ బట్లర్ బాస్ గిటార్, బిల్ వార్డ్ డ్రమ్స్ ఆ మోతకి కండ పట్టించాయి. 1979 లో ఓజీ ఆస్బోర్న్ ని తీసేశాక రోనీ జేమ్స్ డియోతో కలిసి 1980 లో హెవెన్ అండ్ హెల్ చేశాడు. పాటగాళ్ళు మారారు, డ్రమ్మర్లు మారారు. మొదటినుంచి చివరిదాకా మారనిది అయోమీ ఒక్కడే. (అన్నీ గొప్పగా చేశాడని కాదు లెండి. సొంత పేరుతో రావాల్సిన 1986 నాటి ఆల్బమ్ మీద కూడా బ్లాక్ సబాత్ పేరు పడింది. అభిమానిగా ఆ పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు.)

ఇంతకీ నేను రాద్దామనుకున్న విషయం ఇదీ. 2012 లో ఆయనకి లింఫోమా అని తేలింది. 2013 లో 13 అనే ఆల్బమ్ వచ్చాక జరిగిన ప్రపంచ పర్యటనని ఆయన చికిత్స తేదీలకి అనుగుణంగా వేశారు. మధ్యమధ్యలో ఇంగ్లాండు వెళ్ళి చికిత్స చేయించుకుని మళ్ళీ వచ్చి వాయించాడు. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్ లోనే ఆ బ్యాండు చివరి టూరు ముగించారు. 2025 జూలై 5న అదే ఊళ్ళో విల్లా పార్క్ లో నలుగురూ మళ్ళీ ఒక్కరోజు కలిసి వాయించారు. ఆ తర్వాత పదిహేడు రోజులకే ఓజీ పోయాడు. 1965 లో పని ఆగకూడదని మనిషిని మిషన్ కిందికి తోశారు. 2013 లో మనిషి కోసం తేదీలు జరిపారు. రెండూ ఒకే మనిషి జీవితంలో జరిగాయి. నేను మొదటిది దాచి, రెండోది మరిచిపోయి, మధ్యలో ప్లాస్టిక్ సీసా గురించి మాత్రం గొప్పగా చెప్పాను.

మరి ఫ్యాక్టరీలో పైవాడు కూడా అయోమీకి కథే కదా చెప్పాడు, తేడా ఏంటని మీరడగొచ్చు. నేనూ అదే ఆలోచించాను. ఆయన కథ చెప్పింది ప్రెస్ నుంచి బయటపడి, ఇంట్లో దిగులుగా కూర్చున్నవాడికి. మళ్ళీ ఆ మిషన్ మీద కూర్చోమని కాదు, గిటార్ ముట్టుకోమని. నేను చెప్పింది ఇంకా ప్రెస్ కింద చెయ్యి పెట్టి ఉన్నవాడికి. అలాంటివాడికి కావాల్సింది కథ కాదు, ఎవరో ఒకరు మిషన్ ఆపడం.

మర్నాడు మా మేనేజర్ దగ్గరికెళ్ళి, ఆ కుర్రాడి మాడ్యూళ్ళు రెండిట్లో ఒకటి నా పేర రాయమన్నాను. "మరి రెండోది?" అన్నాడు. తేదీ జరపమన్నాను. క్లయింట్ తో మాట్లాడి చెప్తానన్నాడు. ఇంకా తేలలేదు. తేలేదాకా రోజూ అడుగుతూనే ఉంటా.

కుర్రాడికి సారీ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "ఇంతకీ ఎవరన్నా ఆ అయోమీ? నువ్వు చెప్తుంటే నొప్పిలో సరిగ్గా వినలేదు" అన్నాడు. మాస్టర్ ఆఫ్ రియాలిటీ పంపించాను. వినడానికి మణికట్టుతో పనిలేదు కదా.